తేటగా ఉన్న నీరంతా మంచినీరు కాదు

వరి మడిలో కలుపు మందు వేసిన మర్నాడే గండి తీసేస్తే ఆ నీరు ఎక్కడికి పోతుంది? గెడ్డలోకి, అక్కడి నుంచి కింది చెరువులోకి. చూడ్డానికి తేటగానే ఉంటుంది. వంశధార, నాగావళి ఆయకట్టు రైతులే కాదు, మొక్కజొన్న, చెరకు వేసే రైతులూ ఈ సంగతి గమనించాలి.

ఎంత ఉంటే ఎక్కువ?

2012 నాటి భారత తాగునీటి ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో అట్రజిన్ 2 మైక్రోగ్రాములు, 2,4-డి 30, బ్యూటాక్లోర్ 125 మించరాదు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. లెక్క కట్టండి: 50 శాతం అట్రజిన్ పొడి 2 గ్రాములు చాలు, 5 లక్షల లీటర్ల నీటిని ఆ హద్దుకు చేర్చడానికి!

ఎలా కనిపెడతారు?

దొంగ నోట్లు పట్టే దీపం కింద అసలు నోటు మీది గీతలు మెరుస్తాయి కదా. ఆ అతినీలలోహిత కాంతి పడితే కొన్ని మందులు కూడా మెరుస్తాయి. వరిలో వాడే మెట్‌సల్ఫ్యూరాన్ మిథైల్ వంటివి ఆ కాంతికి మారి, మెరిసే పదార్థం అవుతాయి. అయితే నీటిలో ఈ మెరుపు మసకగా ఉంటుంది. అందుకే సైక్లోడెక్స్‌ట్రిన్ కలుపుతారు. ఇది గంజిపిండి నుంచి తీసే చక్కెర ఉంగరం, అడుగు లేని గిన్నె లాంటిది. వెలుపలి భాగానికి నీరంటే ఇష్టం, లోపలికి పడదు. మందు అణువు ఆ గిన్నెలో దూరి కూర్చుంటే మెరుపు పెరుగుతుంది. ఎంత మెరిస్తే అంత మందు ఉన్నట్టు లెక్క. సెనగల్‌లోని డకార్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 1990 దశకంలోనే ఈ దారిలో పరిశోధనలు చేశారు.

అన్నింటికీ ఇది పనికిరాదు. అట్రజిన్‌కు సాధారణంగా క్రొమటోగ్రఫీ పరీక్షే చేయాలి. చెరువు నీటిలో కుళ్లిన ఆకుల రసం కూడా మెరిసి లెక్క తప్పించవచ్చు. కాబట్టి ఇది ప్రయోగశాల పనే, ఇంటి దగ్గర చేసేది కాదు.

నమూనా తీసేటప్పుడు

ఏ ప్రయోగశాల తీసుకుంటుందో ముందుగా వ్యవసాయాధికారిని అడగండి. ముదురు రంగు గాజు సీసాలో నీరు పట్టి, ఎండ తగలకుండా ఐసు పెట్టెలో పంపండి. ఏ మందు, ఏ రోజు వేశారో చీటీ మీద రాయండి. పేరు చెప్పకపోతే దేనికోసం వెతకాలో వారికి తెలియదు.

ఉద్దానం కిడ్నీ జబ్బుకు కలుపు మందులే కారణమని ఎవరూ తేల్చలేదు. ఊరికే భయపడకండి. కానీ మందు వేశాక రెండు మూడు రోజులు మడిలో నీరు బయటకు వదలకండి. స్ప్రేయరు చెరువులో, బోరు దగ్గర కడగకండి. నీటిలో కలిశాక వెతకడం కంటే కలవకుండా చూసుకోవడం తేలిక.