పనిచేయుచోట వచ్చిన బహుమానము - ఇంటిలో జరుపవలసిన వేడుక

(తల్లిదండ్రులకు ఒక పాఠము)

బడిలో పిల్లవానికి బహుమానము వచ్చినప్పుడు ఏమి చేయవలెనో మన ఇండ్లలో అందరికిని తెలియును. తండ్రి పదిమందికి చెప్పుకొనును. తల్లి తీపి వండును. వచ్చిన పుస్తకము చుట్టములకు కనబడునట్లు నెలదినములు బల్లమీద నుండును. కాని పెద్దవారికి పనిచేయుచోట బహుమానము వచ్చినప్పుడు ఏమి చేయవలెనో మనకు అంతగా తెలియదు. ప్రశంసాపత్రము గోడ కెక్కును, గిన్నెల జత అటక కెక్కును, మరునాటికి ఆ మాట మరుగున పడును. కావున ఈ సంచికలో ఆ విషయమునే సోలాపూరులోని మన తల్లిదండ్రులతో ముచ్చటింపదలచితిమి. ఇది పిల్లల పాఠము కాదు, పెద్దల పాఠము.

1. బహుమానములలో రకములు

పనివారికి ఇచ్చు గుర్తింపులు పలువిధములు. దీర్ఘకాలము సేవచేసినందుకు కొన్ని, ప్రమాదము లేకుండ పని నడిపినందుకు కొన్ని, చేతి నేర్పునకు కొన్ని, పనిని సులువుచేయు ఉపాయము చెప్పినందుకు కొన్ని ఇత్తురు. కార్మికులు చెప్పిన మంచి సూచనలను గుర్తించుటకై భారత ప్రభుత్వము 1965లో ‘శ్రమవీర్’ పేరిట జాతీయ బహుమానములను ఏర్పరచెను. తరువాత వానికే ‘విశ్వకర్మ రాష్ట్రీయ పురస్కార్’ అను పేరు వచ్చెను. 1985లో ప్రధానమంత్రి శ్రమ పురస్కారములు ఏర్పడినవి. శ్రమరత్న, శ్రమభూషణ్, శ్రమవీర్, శ్రమశ్రీ అని అందు నాలుగు తరగతులు. చివరి రెండు తరగతులలో స్త్రీలకు శ్రమ వీరాంగన, శ్రమదేవి అను పేర్లు గలవు. చేనేతలో ఘనమైన పనితనము చూపినవారికై సంత్ కబీర్ పేరిట ఒక పురస్కారము ఏర్పడినది.

ఈ పేర్లను గమనింపుడు. విశ్వకర్మ చేతిపనివారు కొలుచు దైవము. కబీరు నేత నేసి బ్రతికినవాడు. పనివారిని గౌరవింపవలసి వచ్చినప్పుడు దేశము పనివారి పేర్లనే ఎన్నుకొనినది.

ఇట్టి పెద్ద గౌరవములు కొలదిమందికే అందును. మన ఊరిలో ఎక్కువమందికి వచ్చునవి చిన్నవి. ఖండేనవమినాడు యంత్రములకు పూజచేసిన పిమ్మటనో, మార్చి 4వ తేదీన జరుపు జాతీయ భద్రతా దినమునాడో పదిమంది యెదుట పిలిచి ఇచ్చు ఒక పత్రము, ఒక శాలువ, ఒక గడియారము. ఇంటికి సంబంధించినంతవరకు ఇది చిన్నదేమియు కాదు.

2. పత్రములో లేని సంగతి

మా పాఠశాలలో ఏడవ తరగతి చదువు ఒక బాలుని తండ్రి దుప్పట్లు నేయు కార్ఖానాలో మరమగ్గములమీద, అనగా మనము సాంచెలని పిలుచు వానిమీద, పని చేయుచున్నాడు. ఆయనకు ఒక ప్రశంసాపత్రమును, గోడ గడియారమును ఇచ్చిరి. బాలుడు ఉప్పొంగిపోయి బడిలో చెప్పెను. ‘దేనికిచ్చిరి నాయనా?’ అని అడిగితిమి. ‘తెల్వదు సార్, గడియారం మాత్రం శాన ఖరీదుదట’ అనెను. తల్లి వచ్చినప్పుడు ఆమెను అడిగితిమి. ‘మంచిగ పని చేస్తడని ఇచ్చిన్రట’ అని మాత్రము చెప్పెను. పత్రము మరాఠీలో నున్నది. అందలి ‘సన్మాన’ అను మాట మనదియు నగును. తక్కిన పంక్తులను బాలుడు చదువగలడు. కాని చదివి ఇంటిలో వినిపింపుమని అతనితో ఎవరును చెప్పలేదు.

ఆ తండ్రిని ఒక శనివారము బడికి పిలిచితిమి. ‘నేను సదువుకోలేదు సార్, నాకేమొస్తది’ అని మొదట వెనుదీసెను. తరువాత బల్లమీద దారములు నిలువుగా పరచి పని చెప్పసాగెను. నిలువు దారము పడుగు, అడ్డముగా పోవునది పేక, పేకను మోసికొని పోవునది నాడె. సాంచెలో నాడెను చేతితో విసరరు. తోలుపట్టీ లాగగా ఒక కర్ర దానిని కొట్టును. నిమిషమునకు నూరుసార్లకు పైగా అది అటు నిటు పరుగెత్తును. దాని మొన అరిగినను, పట్టీ వదులైనను, తెగిన దారము అడ్డుపడినను, నాడె దారి తప్పి ఎగిరి ప్రక్కసాంచెవద్ద నిలిచిన మనిషి కంటికో కణతకో తగులవచ్చును.

అందుచేత ఆయన పాళీ మొదలు కాకమునుపే తన వరుసలోని నాడెలన్నిటిని వ్రేలితో తడిమి చూచును. అరిగినదానిని తీసి ప్రక్కన పెట్టును. నాడె ఎగురకుండ అడ్డముగా నుండవలసిన కడ్డీ లేనిచో సాంచెను నడుపడు. దీనికి దినమునకు పది నిమిషములు పట్టును. కూలి నేసినదానిని బట్టి గనుక ఆ పది నిమిషములు ఆయన సొంత కూలిలోనుండి పోవును. తోటివారు మొదట నవ్విరట. ఐదేండ్లుగా ఆ వరుసలో ఎవరికిని నాడెదెబ్బ తగులలేదు. గడియారము ఇచ్చినది ఇందుకు.

బాలుడు విని, ‘బాపూ, ఆ పది నిమిషాలకు పైసలు రావా?’ అని అడిగెను. ‘రావు. మరి పక్కోని కన్ను పోతే వస్తదా?’ అని తండ్రి చెప్పెను. ఇన్నిదినములు గడియారము ధర యెంతయని తలచిన పిల్లవాడు ఆనాడు తండ్రి విలువ యెంతయో తెలిసికొనెను. ఇట్టి సంగతులు పత్రములో వ్రాయరు. అడిగినవారికే తెలియును.

3. అడుగుటవలన భాషకు కలుగు మేలు

మన పిల్లలు బజారులో మరాఠీ మాటలాడుదురు. పై చదువులకు ఇంగ్లీషు కావలెను. తెలుగు ఇంటిలో అన్నము పెట్టుమనుటకును, అల్లరిచేయవద్దనుటకును మాత్రమే మిగులునేమో యని మాకు భయము. పడుగు, పేక, నాడె, కండె, అచ్చు, ఆసు - ఇవి తాతలనాడు మన పెద్దలతో కూడ ఈ ఊరికి వచ్చిన మాటలు. తండ్రి తన పనిని తెలుగులో బిడ్డకు చెప్పనియెడల ఈ మాటలు ఆ తండ్రితోనే పోవును. బహుమానము వచ్చిన దినము వానిని చెప్పుటకు మంచి ముహూర్తము.

ఆసు మాట వచ్చినది గనుక తెలంగాణములోని ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశముగారిని తలచుకొందము. పోచంపల్లి పద్ధతి చీరలకు ఆసు పోయుటలో ఆయన తల్లి లక్ష్మిగారు ఒక్కొక్క చీరకు వేలసార్లు చేయి ఆడింపవలసి వచ్చెడిది. ఆమె భుజపునొప్పి చూడలేక ఆయన యేండ్లతరబడి శ్రమించి ఆసుయంత్రమును చేసి, దానికి తల్లిపేరే పెట్టెను. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చిరి. పద్మశ్రీ వచ్చినదని మాత్రము చెప్పినచో పిల్లలకు ఒక బిరుదు తెలియును. ఆ తల్లి భుజము సంగతి కూడ చెప్పినచో ఆ బిరుదు ఎందుకు వచ్చినదో తెలియును.

4. బహుమానము రానివారు

మన తల్లులలో అనేకులు ఇంట కూర్చుండి బీడీలు చుట్టుదురు. తునికాకు తడిపి, కత్తిరించి, పొడి పోసి, చుట్టి, దారము కట్టి, వేయింటికి ఇంత యని కూలి తెచ్చుకొందురు. వారిని వేదికమీదికి పిలిచి శాలువ కప్పువారు అరుదు. భర్త రాత్రిపాళీనుండి వచ్చువేళకు నీళ్లు కాచి, పగలు ఆయన నిద్ర చెడకుండ పిల్లలను ఊరకుంచినదియు ఆమెయే. తండ్రికి వచ్చిన పత్రము చదువు దినమున తల్లి పనిని గూర్చియు రెండు మాటలు చెప్పవలెను. చెప్పవలసినవాడు బహుమానము పొందిన తండ్రియే. ఆయన చెప్పినచో పిల్లలు నమ్ముదురు.

మరియొక మాట. బహుమానము కూలికి బదులు కాదు. శాలువ కప్పించుకొనినంతమాత్రమున న్యాయమైన కూలి అడుగుట మానవలసిన పనిలేదు. బహుమానము రాని యేట ఆ మనిషి పని తక్కువైనదనియు తలపరాదు.

5. వేడుక జరుపు విధము

దీనికి అప్పు చేయనక్కరలేదు. పాయసము చాలును. దీపము పెట్టినవేళ అందరును కూర్చుండుడు. పత్రమును బిడ్డచేత పైకి చదివింపుడు. అది యే భాషలో నున్నను, అర్థము తెలుగులో చెప్పింపుడు. బిడ్డ అక్షరము చెప్పును, తండ్రి పని చెప్పును. ఇద్దరును ఒకరికొకరు గురువు లగుదురు. ఆ పనిలో తోడ్పడిన తోటివారిని, వీలైన ఒక్కరినైనను, భోజనమునకు పిలువుడు. విన్నదానిని బిడ్డచేత ఒక పుటలో వ్రాయించి, తేదీ వేసి, పత్రముతో కూడ భద్రపరుపుడు. పత్రము వెలిసిపోవచ్చును. ఆ పుట ఉన్నచో మనుమలకు కూడ సంగతి తెలియును.

అభ్యాసము

తల్లిదండ్రులు ఈ మూడు ప్రశ్నలకు పిల్లలచేత జవాబులు వ్రాయించి బడికి పంపవలెనని కోరుచున్నాము. బహుమానము వచ్చినను రాకున్నను ఇవి అందరికిని వర్తించును.

(1) మీ తండ్రియు, మీ తల్లియు పనిలో వాడు పది వస్తువుల తెలుగు పేర్లేవి?

(2) ఆ పనిలో కష్టమైనదేది? అపాయమైనదేది? దానినుండి తమను, ప్రక్కవారిని ఎట్లు కాపాడుకొందురు?

(3) వారికి బహుమానమిచ్చు అధికారము మీకున్నచో దేనికిత్తురు?

మూడవ ప్రశ్నకు వ్రాసిన జవాబును మాకు పంపుటకుముందు ఇంటిలో పైకి చదివి వినిపింపవలెను.