పాపకు మొదటి రైఫిల్

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాం. మా పదేళ్ల అమ్మాయి రైఫిల్ షూటింగ్ నేర్చుకుంటానంటోంది. ఎలాంటిది కొనమంటారు?

జవాబు: కొనడానికి తొందరపడకండి. ముందు పిల్లలకు నేర్పే రేంజికి తీసుకెళ్లి, అక్కడి రైఫిల్‌తోనే కాల్పించండి. ఆసక్తి నిలబడితే .22 లాంగ్ రైఫిల్ తూటా వాడే సింగిల్ షాట్ బోల్ట్ యాక్షన్ చాలు. అది భుజాన్ని తన్నదు. ఒక్కో తూటా చేత్తో పెట్టుకోవాలి కాబట్టి పాపకు నిదానం అలవడుతుంది.

అసలు చూడాల్సింది కొలత. పెద్దల రైఫిల్ ఇస్తే బరువు ఆపలేక పిల్లలు నడుము వెనక్కి వంచేస్తారు, ఇక గురి కుదరదు. ఖాళీ రైఫిల్ బట్‌ను పాప మోచేతి మడతలో ఆనించి చూడండి. చూపుడువేలి మొదటి కణుపు ట్రిగ్గర్‌కు హాయిగా అందాలి. సావేజ్ రాస్కల్ లాంటివి చిన్నపిల్లల కోసమే చేసినవి. మొదట్లో బల్లమీద ఇసుక సంచికి ఆనించే కాల్పించండి.

కళ్లద్దాలు, చెవులకు మఫ్‌లు మీ ఇద్దరికీ తప్పనిసరి. చాలామంది మరిచేది తూటాల సీసం చేతులకు అంటుతుందన్న సంగతి: ఏదైనా తినేముందు సబ్బుతో చేతులు కడిగించండి. చిన్న తూటాయే కదా అనుకోవద్దు, అది మైలు దాటి పోగలదు. ఇంట్లో రైఫిల్‌కు తాళం వేసి, తూటాలు వేరేచోట దాచండి. తూటాలు నింపిన తుపాకిని పిల్లలకు అందేలా వదిలేయడం టెక్సాస్‌లో నేరం.