మిణుకుమనే దీపం

ప్రమిదలోని దీపం మిణుకుమిణుకుమంటే చమురు తరిగిందని మన పెద్దలు గ్రహించేవారు. నేటి ఎల్ఈడీ దీపం మిణుకుమన్నప్పుడు కూడ పెక్కు సందర్భాలలో లోపం దానికి ఆహారమందించే భాగంలోనే ఉంటుంది.

తెనాలి, బాపట్ల, రేపల్లెల నడుమనున్న చెరుకుపల్లి 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడేవరకు గుంటూరు జిల్లాలో భాగం. పాత బల్బు తెచ్చిన గృహస్థులకు 10 రూపాయలకే ఎల్ఈడీ బల్బునిచ్చే పథకం 2014లో మన రాష్ట్రంలో తొలుత అమలైన జిల్లాలలో గుంటూరు ఒకటి. 60 వాట్ల బల్బు వెలిగిన చోట 7 వాట్ల దీపం వెలిగింది. నీలి ఎల్ఈడీని సాధించిన అకసాకి, అమానో, నకమురాలకు నోబెల్ బహుమతి లభించినది కూడ ఆ సంవత్సరమే కావడం ముచ్చటగొలిపే విషయం.

మన ఇండ్లకు వచ్చే 230 వోల్టుల విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు చేస్తుంది. అనగా 100 సార్లు శూన్యాన్ని తాకుతుంది. పాత బల్బులోని తీగ ఎర్రగా కాగి ఉండుటచేత ఆ క్షణంలోనూ చల్లారదు. ఎల్ఈడీకి అట్టి ఓర్పు లేదు. అందుచేత దాని వెనుక డ్రైవర్ అనే చిన్న వలయాన్ని అమర్చుతారు. అది విద్యుత్తును ఒకే దిశకు మళ్ళించి, కెపాసిటర్‌లో నిల్వచేసి, సమంగా అందిస్తుంది. కాలువ నీరు వంతులవారీగా వచ్చినా చెరువు నిండి ఉంటే చేనికి ధార తప్పదు కదా! ఈ కెపాసిటర్‌లోని ద్రవం వేడికి క్రమంగా ఇగిరిపోతుంది. గాలి ఆడని గాజుబుడ్డిలో బిగించిన దీపాలు త్వరగా చెడుటకు ఇదే ముఖ్యకారణం.

లోపాన్ని కనుగొనుటకు మొదట ఒక చిన్న పరీక్ష చాలు. మిణుకుమనే బల్బును మరొక గదిలోని హోల్డరులో పెట్టి చూడవలెను. అక్కడా మిణుకుమంటే డ్రైవర్ చెడినట్లే. అక్కడ నిలకడగా వెలిగితే మొదటి హోల్డరు లేదా స్విచ్చి వదులై ఉండవచ్చు. స్విచ్చి ఆపిన తరువాత కూడ దీపం ఉండి ఉండి మెరుస్తుంటే, ఆ స్విచ్చిలో సూచిక దీపమున్నదేమో చూడాలి. దానిగుండా ప్రవహించే స్వల్ప విద్యుత్తే కెపాసిటర్‌ను నింపుతూ ఉంటుంది.

పూజగదులలో, దుకాణాలలో అంటించే ఎల్ఈడీ పట్టీల సంగతి వేరు. వాటికి 12 వోల్టుల అడాప్టరు కావలెను. మీటరుకు 14.4 వాట్లు వాడే పట్టీ 5 మీటర్లుంటే 72 వాట్లు, అనగా 6 ఆంపియర్లు అవసరం. చౌకగా దొరికినదని 2 ఆంపియర్ల అడాప్టరు తగిలిస్తే అది భారం మోయలేక ఆగుతూ, మరల మొదలవుతూ ఉంటుంది. పట్టీ లయబద్ధంగా ఆరి వెలుగుతుంది. దోషం పట్టీదని మార్చివేసేవారే ఎక్కువ! అవసరానికంటె ఐదవవంతు అదనపు శక్తిగల అడాప్టరును ఎన్నుకొనుట మేలు.

ఇంటిలోని దీపాలన్నీ ఒకేసారి చలిస్తే మాత్రం బల్బులను మార్చి ప్రయోజనం లేదు. మోటారు వేసినప్పుడే చలిస్తే వోల్టేజి పడిపోతున్నదని అర్థం. ఒక ఇంట దీపాలు మసకబారగా, అదే సమయాన పొరుగింట మితిమీరి ప్రకాశిస్తుంటే న్యూట్రల్ తీగ తెగియుండవచ్చు. అప్పుడు కొన్ని ఇండ్లకు 230 బదులు 400 వోల్టులకు చేరువగా విద్యుత్తు రాగలదు. టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోగలవు, నిప్పు అంటుకొనగలదు. వెంటనే మెయిన్ స్విచ్చి ఆపి, పొరుగువారిచేత కూడ ఆపించి, 1912కు ఫోను చేయవలెను. లైన్‌మన్ వచ్చేవరకు స్తంభమెక్కుటకు ఎవరినీ అనుమతించరాదు.