సాళువ పక్షియు శ్రావక ధర్మమును

1953 అక్టోబరు 1వ తేదీన బళ్లారి జిల్లా విభజింపబడినది. ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్ర రాష్ట్రమున చేరినవి. బళ్లారి, సండూరు, హోసపేట మున్నగునవి మైసూరు రాష్ట్రమున కలిసినవి. కాని ఆ కొండలపై తిరుగు పెద్ద గద్దలకు ఈ ఎల్లలు లేవు. ఎండకు బండలు కాగి గాలి పైకి లేవగానే, దాని నాధారముగా గొని, రెక్క కదల్పకయే అవి ఇరుప్రక్కలను తిరుగుచుండును.

నివాసములు

వీనిలో ముఖ్యమైనది కుందేలు సాళువ. రెక్కలు చాచినచో ఐదడుగుల వెడల్పుండును. కుందేళ్లు, కౌజులు దీని ఆహారము. నిట్టనిలువు రాతిచరియపైనో, పెద్దచెట్టుపైనో పుల్లలతో గూడు కట్టి, దానినే యేటేట బాగుచేసికొని వాడుకొనును. పాముల గద్ద బయలు భూములపై గాలిలో నిలిచి పామును కనిపెట్టి పట్టును. అది ఏడాదికి ఒక్క గుడ్డే పెట్టును. గోధుమవన్నె సాళువ మెట్టభూములలో వేటాడుటయే గాక పశువుల కళేబరములను గూడ తినును. ఇట్టి పక్షుల సంతతి మిక్కిలి స్వల్పము. గూడున్న చరియను రాతికొరకో, ఖనిజము కొరకో పగులగొట్టినచో, ఆ జంటకు మరల అట్టి చోటు దొరకుట కష్టము.

రాజచిహ్నములు

రాష్ట్రకూటుల తామ్రశాసనముల ముద్రలపై గరుడుడు కలడు. 1485లో విజయనగర సింహాసన మెక్కిన నరసింహుని వంశమునకు సాళువ యను వేటడేగ పేరే వచ్చినది. అచ్యుతదేవరాయల నాణెములపై రెండు తలల గండభేరుండము కలదు. నేడది కర్ణాటక రాష్ట్ర చిహ్నము. హంపి విఠలాలయమునందలి రాతిరథము గరుడుని గుడియే. 2017లో వెలువడిన 50 రూపాయల నోటు వెనుక నున్నది ఆ రథమే. వర్తకుల చేతులలో ప్రతిదినము మెలగు బొమ్మ అది. రాజులు ఈ పక్షియందు చూచినది బలమును.

జైన సంప్రదాయము

జైనులు చూచినది వేరు. ఆదినాథుని శాసనదేవి చక్రేశ్వరికి గరుడుడు వాహనము. శాంతినాథుని యక్షుని పేరు గరుడుడు. అనంతనాథుని లాంఛనము శ్వేతాంబరులకు డేగ. గుంతకల్లు సమీపమున నున్న కొనకొండ్లతో సంబంధము చెప్పబడు కుందకుందాచార్యులకు గృధ్రపింఛాచార్యుడను పేరు కూడ కలదు. నెమలి పింఛమునకు బదులు గ్రద్దయీకల పింఛము ధరించుటచే ఆ పేరు వచ్చెనని ఐతిహ్యము.

శాంతినాథుని పూర్వభవ కథ వీనికి తలమానికము. 12వ శతాబ్దమున హేమచంద్రాచార్యులు దానిని త్రిషష్టిశలాకాపురుషచరిత్రమున చెప్పిరి. మేఘరథ మహారాజు ఒడిలో భయపడిన పావురము వచ్చి వ్రాలెను. వెంటనే డేగ వచ్చి తన ఆహారము నిమ్మనెను. రాజు పావురము నీయలేదు. డేగను తరిమివేయనూ లేదు. పావురమెత్తు తన మాంసమును కోసి తూచెను. పావురము అంతకంతకు బరువెక్కుటచే తుదకు తానే తక్కెడలో కూర్చుండెను. పావురముపై జాలి చూపుట అందరికిని సులభము. డేగ ఆకలిని గూడ తన బాధ్యతగా నెంచుటయే ఆ రాజు గొప్పతనము.

నేటి కర్తవ్యము

ఆ తక్కెడ నేడు గోశాలలలో నున్నది. పశువుల నొప్పికి ఇచ్చు డైక్లోఫెనాక్ అను మందు కళేబరమున నిలిచి, దానిని తిన్న రాబందుల మూత్రపిండములను చెరచి చంపును. దేశమందలి రాబందులు అత్యధిక భాగము నశించుటకు ఇదియే ప్రధాన కారణము. బికనేరు వద్ద కళేబరములు పడవేయు చోట చచ్చిన రెండు పెద్ద గద్దలలోను ఈ మందే కనబడెనని 2014లో వెలువడిన పరిశోధన తెలిపినది. 2006లోనే ప్రభుత్వము దీనిని పశువైద్యమున నిషేధించినది. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను గూడ నిషేధించినది. మెలాక్సికామ్ పక్షులకు హాని చేయదని పరీక్షలలో తేలినది. కాని డైక్లోఫెనాక్ మనుష్యుల కొరకు అమ్మబడుచునే యున్నది గనుక, అది పశువులకు చేరు దారి మూసికొనిపోలేదు.

కావున గోశాలకు చందా నిచ్చు ప్రతి శ్రావకుడును గడ్డి ఎంత, గింజ ఎంత యని లెక్క అడుగునపుడు, మందుల చిట్టాను గూడ ఒకసారి చూడవలెను. ఆవును బ్రతికించు దయ ఆకాశమందలి ప్రాణిని చంపకుండుట గూడ ధర్మమే. మేఘరథుని తక్కెడలో రెండు పళ్లెములును సమముగా తూగినవి.