మణికట్టు నొప్పి, మన హక్కులు: తరచూ అడిగే ప్రశ్నలు

ప్రశ్న: పదేళ్లుగా కుట్టుమిషన్ మీద పని. చెయ్యి మొద్దుబారుతోంది, కార్పల్ టన్నెల్ (మణికట్టులో నరం నలిగే జబ్బు) అన్నారు. యజమాని పరిహారం ఇవ్వాలా?

ఇప్పించుకోవడం చాలా కష్టం. వృత్తి వ్యాధులకు చట్టంలో ఒక జాబితా ఉంది, మూడో షెడ్యూల్ అంటారు. సీసం విషం, సిలికోసిస్, చప్పుడు వల్ల వచ్చే చెవుడు అందులో ఉన్నాయి. కార్పల్ టన్నెల్ లేదు. జాబితాలో లేని జబ్బయితే, పనిలో జరిగిన ఫలానా ప్రమాదం వల్లే వచ్చిందని కార్మికులే రుజువు చేయాలి. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టంలోని ఈ నిబంధన, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ కొనసాగుతోంది.

రోజుకింత చొప్పున నలిగిన నరానికి ఏ తారీఖున ప్రమాదం జరిగిందని చెప్పాలి? అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన వృత్తి వ్యాధుల జాబితాలో ఈ జబ్బు ఉంది. బలం పెట్టి మళ్లీమళ్లీ చేసే పని, అదిరే పరికరాలు, మణికట్టును బాగా వంచి ఉంచడం దీనికి కారణాలని అందులో పేర్కొన్నారు. మన షెడ్యూల్‌లోనూ చేర్చాలి. కార్మిక సంఘాలు గట్టిగా అడగాల్సిన విషయమిది.

ప్రశ్న: ఈఎస్‌ఐ కార్డు ఉంది. ఏమైనా ఉపయోగమా?

తప్పకుండా. జబ్బు పని వల్ల వచ్చిందా లేదా అన్నదానితో సంబంధం లేకుండా వైద్యం, ఆపరేషన్ అందుతాయి. డాక్టరు విశ్రాంతి రాసిస్తే వేతనంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు ఇస్తారు. అంతకు ముందు ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజుల చందా కట్టి ఉండాలి. సాధారణంగా నెల జీతం 21,000 రూపాయలు మించని వారికే ఈ పథకం.

ప్రశ్న: డాక్టరుకు ఏం చెప్పాలి?

ఏ వేళ్లో చెప్పండి. బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లు, ఉంగరపు వేలులో సగం తిమ్మిరెక్కి, చిటికెన వేలు బాగుంటే అది కార్పల్ టన్నెల్‌కు గుర్తు. రాత్రి నిద్రలేచి చెయ్యి విదిలించుకుంటున్నారా? అదీ చెప్పండి. రోజుకు ఎన్ని గంటలు, ఏ పరికరంతో పని చేస్తున్నారో చీటీలో రాయమని అడగండి, ఎందుకంటే రేపు వాదన వస్తే ఆ చీటీయే సాక్ష్యం. షుగరు, థైరాయిడ్ ఉంటే దాచొద్దు. వాటి వల్ల కూడా ఇది వస్తుంది. దాచిన సంగతి తర్వాత బయటపడితే మీ మాట మీదే నమ్మకం పోతుంది. నరాల పరీక్ష రిపోర్టు భద్రం.

ప్రశ్న: ఆఫీసులో కుర్చీ, కీబోర్డు మార్చమని అడగొచ్చా?

అడగొచ్చు, రాతపూర్వకంగా అడగండి. పనిచోట గాయం కలిగించే ప్రమాదాలు లేకుండా చూడటం యజమాని బాధ్యతని 2020 నాటి వృత్తి భద్రతా కోడ్ చెబుతోంది. డాక్టరు చీటీ జతచేసిన ఒక్క మెయిలు, నోటితో పదిసార్లు చెప్పినదాని కంటే మేలు.

ప్రశ్న: మా అమ్మాయి బ్రిటన్‌లో ఐటీ ఉద్యోగి. అక్కడెలా?

1992 నాటి నిబంధనల ప్రకారం కంప్యూటర్ బల్లను, కూర్చునే తీరును యజమాని పరిశీలించాలి, మధ్యలో విరామం ఇవ్వాలి. కార్పల్ టన్నెల్ అక్కడి వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది కానీ, అదిరే పరికరాలు వాడేవారికి, మణికట్టు పదేపదే వంచే పనులవారికే. టైపింగ్ ఒక్కటే అయితే ఆ జాబితా కింద ఇచ్చే భృతి దొరకడం కష్టం.

ప్రశ్న: చెయ్యి పనికిరాకుండా పోతే ఉద్యోగం తీసేస్తారా?

ప్రభుత్వ ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ఇది. పాత పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పోస్టు ఇవ్వాలి. ప్రైవేటు సంస్థలకు ఈ రక్షణ వర్తించదు.