దినమునకొక రూపాయి

నెల్లూరు జిల్లాలో దూబగుంట యను చిన్న గ్రామము కలదు. 1991 ప్రాంతమున ఆ జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమము సాగినప్పుడు, పగలెల్ల పొలములలో పాటుపడిన స్త్రీలు రాత్రివేళ పలకలు పట్టి చదువుకొనిరి. వారి వాచకములలో సారా వలన చెడిన సంసారములను గూర్చిన పాఠములు ఉండెను. అవి చదివినవారికి తమ యిండ్లే కనబడెను. 1992లో దూబగుంట స్త్రీలు ఏకమై ఊరిలో సారా అమ్మకము నడ్డగించిరి. ఆ పట్టుదల ఊరూర వ్యాపించెను. ప్రభుత్వము 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతట సారాను నిషేధించెను.

సారా మానినంతనే పేదరికము తొలగదు. మిగిలిన డబ్బును భద్రపరచుకొను చోటు లేనిచో అది మరియొక దారిని పోవును. అందుచేత జిల్లాలోని స్త్రీలు సంఘములుగా ఏర్పడి, దినమునకొక రూపాయి చొప్పున కూడబెట్ట నారంభించిరి. ఈ పొదుపునకు ‘పొదుపులక్ష్మి’ యను ముద్దుపేరు వచ్చెను.

రూపాయి స్వల్పమే. కాని పదునైదుగురున్న సంఘములో అది నెలకు 450 రూపాయలగును. అంతకుముందు బిడ్డకు జ్వరము వచ్చినను, విత్తనములు కావలసినను, ఇత్తడి బిందె తాకట్టుపెట్టి వడ్డీ వ్యాపారిని వేడుకొనవలసియుండెను. సంఘములో తాకట్టు లేదు. ఎవరి అవసరమెట్టిదో, ఎవరు మాట నిలుపుకొందురో ఇరుగుపొరుగువారికి తెలియును. ఏ బ్యాంకు అధికారికిని అంత తెలియదు! చెల్లించిన వడ్డీయు పరుల పాలు గాక సంఘము సొమ్ములోనే చేరును. ఈ నమ్మకమును గుర్తించియే జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు 1992లో సంఘములకు బ్యాంకుల నుండి అప్పులిప్పించు పథకమును ప్రారంభించెను. ఆ సొమ్ముతో పాడిగేదెను కొన్నవారును, చిల్లర దుకాణము పెట్టినవారును పలువురు.

అయితే ఒకరికొకరు పూచీపడు నీ పద్ధతియే పరుల చేతిలో కష్టములకు కారణమయ్యెను. ప్రైవేటు సూక్ష్మఋణ సంస్థలు గ్రామములలో ప్రవేశించి, ఒకే యింటికి పెక్కు అప్పులిచ్చి, వారమువారము వసూలునకు ఒత్తిడి చేయసాగెను. తమ సొమ్మును తాము అప్పిచ్చుకొన్నప్పుడు ఊరట నిచ్చిన పూచీ, ఇక్కడ ఇరుగుపొరుగుల నడుమ పోరునకు దారితీసెను. 2010 అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు చేసి ఆ సంస్థలను అదుపుచేయవలసి వచ్చెను.

నేడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో లక్షలకొలది స్త్రీలు ఇట్టి సంఘములలో ఉన్నారు. చేరలేనివారును కలరు. కూలి దొరకని నెలలలో వాయిదా కట్టలేనని జంకి దూరముగా నిలుచునది తరచుగా మిక్కిలి పేదరాలే. ఆమె బదులు వాయిదా కట్టుటకు సంఘము సిద్ధపడినప్పుడే ఆమె ఆ చాపపై కూర్చుండగలదు.