ఫోన్లో పాఠం ఎందుకు ఆగిపోతుంది?

ఈసారి గోడపత్రికకి నన్ను సైన్సు వ్యాసం రాయమన్నారు. ఫోన్‌కి గాలిలో వీడియో ఎలా వస్తుందో రాస్తున్నాను. ఎందుకో ముందు చెబుతాను.

2020లో కరోనాకి బడులు మూసేసినప్పుడు మా అక్క తొమ్మిదో తరగతి. పాఠాలు ఫోన్‌కి పంపారు. మా ఊళ్ళో సిగ్నల్ లేదు. అక్క పక్కింటి మామ ఫోన్ అడిగి తెచ్చుకుని కొండెక్కేది. నేనూ వెనకాలే వెళ్ళేదాన్ని. వీడియోలో మాస్టారు రెండు అంకెలు రాసేసరికి బొమ్మ ఆగిపోయి చక్రం తిరిగేది. "నాకు ఫోనూ చేతకాదు, చదువూ చేతకాదు" అంది అక్క. బడి తెరిచాక మళ్ళీ వెళ్ళలేదు.

ఆ చక్రం ఎందుకు తిరుగుతుందో ఇప్పుడు మన సైన్సు మాస్టారి దగ్గర తెలుసుకున్నాను.

వీడియో అంటే కదలని బొమ్మలే. సెకనుకి 25 బొమ్మలు వరసగా చూపిస్తే మన కంటికి కదిలినట్టు ఉంటుంది. ఒక్కో బొమ్మ చిన్న చిన్న చుక్కలతో తయారవుతుంది. 360 సైజు బొమ్మలో అడ్డంగా 640, నిలువుగా 360 చుక్కలుంటాయి. ఒక్కో చుక్క రంగుకి 3 బైట్లు. లెక్క కట్టండి:

640 × 360 = 2,30,400 చుక్కలు
2,30,400 × 3 × 25 = 1,72,80,000 బైట్లు

ఇది ఒక్క సెకనుకే! నిమిషానికి 100 కోట్లు దాటుతుంది. అంత బరువు మన కొండల్లో సిగ్నల్ మోయలేదు.

అందుకని మొదట కుదిస్తారు. మాస్టారు పాఠం చెబుతుంటే నల్లబోర్డు కదలదు, చెయ్యి, నోరు కదులుతాయి. కాబట్టి ఒక పూర్తి బొమ్మ పంపి, తరవాత మారిన భాగం మాత్రమే పంపుతారు. మధ్యమధ్యలో మళ్ళీ పూర్తి బొమ్మ పంపుతారు.

తరవాత ముక్కలు చేస్తారు. సంతకి చోళ్ళ బస్తా ఒక్కసారే మోయలేక మనం చిన్న మూటలు కడతాం కదా! వీడియోని కూడా కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కని 144, 240, 360, 480, 720 అని చిన్నా పెద్దా సైజుల్లో ఉంచుతారు. ముందు ముక్క తొందరగా వస్తే ఫోన్ పెద్ద సైజు అడుగుతుంది, ఆలస్యమైతే చిన్న సైజు అడుగుతుంది. బొమ్మ ఉన్నట్టుండి మసకయ్యేది అందుకే. ఫోన్ చెడిపోయి కాదు. ఫోన్ కొన్ని ముక్కల్ని గాదెలో గింజల్లాగ ముందే దాచుకుంటుంది. వచ్చేదానికన్నా చూసేది ఎక్కువైతే గాదె ఖాళీ అవుతుంది. అప్పుడే చక్రం తిరుగుతుంది.

ఎందుకు నిదానంగా వస్తుంది? టవర్ నుంచి వచ్చే రేడియో తరంగాలు దూరమైనా, కొండ అడ్డొచ్చినా బలం తగ్గుతాయి. దూరంగా ఉన్నవాళ్ళకి ఒక్కో మాట నిదానంగా కేకేసి చెప్పినట్టు టవర్ కూడా నిదానంగా పంపాలి. దారిలో పోయినవి మళ్ళీ పంపాలి. పైగా టవర్ కింద ఉన్న ఫోన్లన్నీ పంచుకోవాలి. మన మెస్‌లో గరిటె ఒకటే అయితే లైను ఎలా ఉంటుందో అలాగ.

డిష్ టీవీ అలా కాదు. ఉపగ్రహం ఒక్కసారి పంపితే ఎన్ని ఇళ్ళు చూసినా తగ్గదు. 2020లో దూరదర్శన్ సప్తగిరిలో కూడా పాఠాలు వచ్చాయి. కాని మా ఇంట్లో టీవీ లేదు. ఉన్నా, అర్థం కాకపోతే వెనక్కి తిప్పలేం.

సెలవుల్లో మీరు ఇలా చెయ్యండి:

1. సిగ్నల్ తక్కువైతే 144 సైజు పెట్టుకోండి. 256 × 144 = 36,864 చుక్కలే. 360 సైజులో ఆరో వంతు కూడా లేవు. కాని బోర్డు మీద చిన్న అక్షరాలు కనపడవు.
2. లెక్కల పాఠమైతే తెల్లవారుజామున, ఫోన్లు వాడేవాళ్ళు తక్కువున్నప్పుడు, డౌన్‌లోడ్ చేసుకోండి. ఇంటికొచ్చి సిగ్నల్ లేకుండానే ఎన్నిసార్లయినా చూడొచ్చు.
3. తెలుగు, సాంఘికం అయితే గొంతు ఒక్కటే తెచ్చుకున్నా చాలు. బొమ్మకన్నా గొంతు బరువు చాలా తక్కువ.

దసరా సెలవుల్లో ఈ లెక్కంతా అక్కకి నేల మీద పుల్లతో రాసి చూపించాను. అక్క చాలాసేపు మాట్లాడలేదు. "అయితే తప్పు నాది కాదన్నమాట" అంది. ఇప్పుడు కాఫీ పళ్ళు ఏరడానికి కూలికి పోతూనే ఓపెన్ స్కూల్లో పదో తరగతికి పేరు రాయించుకుంది.

కాబట్టి స్నేహితులారా, పాఠం ఆగితే మనకి బుర్ర లేదనుకోకండి. సైజు తగ్గించి మళ్ళీ చూడండి.

తప్పులుంటే మాస్టార్లు, వార్డెన్ మేడం గారు దిద్దగలరు.

— 9వ తరగతి విద్యార్థిని